4జీ రౌటరు కొనేముందు టవరు బ్యాండు చూడండి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

ఫైబర్ తీగ చేరని ఊళ్లో ఇంటికైనా, దుకాణానికైనా, జీడి ఫ్యాక్టరీకైనా ఇంటర్నెట్ కావాలంటే సిమ్ వేసే రౌటరే ఆధారం. చాలామంది ముందు ఆన్‌లైన్‌లో రౌటరు కొంటారు, తర్వాత సిమ్ వేసి చూస్తారు, సిగ్నల్ రాకపోతే యాంటెన్నాకు ఆర్డరు పెడతారు. ఈ వరసను తిరగేయాలి. మీ డాబా మీద ఏ కంపెనీ ఏ బ్యాండులో (సిగ్నల్ ప్రయాణించే తరంగాల వరసలో) అందుతోందో ముందు కొలవాలి. ఆ బ్యాండు ఉన్న రౌటరు తర్వాత వెతకాలి. యాంటెన్నా కావాలా వద్దా అన్నది ఆఖరున తేలుతుంది. రౌటరు లోపల సిగ్నల్ పట్టే మోడెమ్‌కు తెలియని బ్యాండును ఎంత ఖరీదైన యాంటెన్నా కూడా తెచ్చిపెట్టలేదు.

ఎవరి బ్యాండులు ఏవి

జియో 4జీ మూడు బ్యాండుల మీద నడుస్తుంది: 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 3, 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 5, 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 40. ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో (టెలికాం పరిధిలో) ఎయిర్‌టెల్ వాడేవి బ్యాండ్ 1 (2100), బ్యాండ్ 3, బ్యాండ్ 8 (900), బ్యాండ్ 40. వీఐకి (వొడాఫోన్ ఐడియా) ప్రధానంగా 1, 3, 8. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ పరికరాలతో వేసిన 4జీ బ్యాండ్ 28 (700), బ్యాండ్ 1 మీద వస్తుంది. కొన్నిచోట్ల బ్యాండ్ 41 (2500) కూడా ఉంటుంది.

ఒక కంపెనీకి నాలుగు బ్యాండులున్నాయంటే మీ ఊరి టవరు మీద నాలుగూ ఉన్నాయని కాదు. పట్నంలో అన్నీ ఉండొచ్చు, పల్లె టవరు మీద ఒకటో రెండో ఉండొచ్చు. అందుకే కొలత తప్పదు.

బ్యాండు అంకె చిన్నదా పెద్దదా అన్నది లెక్కకాదు, మెగాహెర్ట్జ్ చూడాలి. 700, 850, 900 తరంగాలు దూరం వెళతాయి, గోడల్లోంచి కొంత మేలుగా దూరతాయి. అయితే వాటికి కేటాయించిన వెడల్పు తక్కువ కావడంతో వేగమూ తక్కువే. 2300 దీనికి సరిగ్గా వ్యతిరేకం. టవరు దగ్గరుంటే వేగం బాగుంటుంది, మధ్యలో తోట అడ్డం వస్తే పడిపోతుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొబ్బరి, జీడి చెట్ల పచ్చటి ఆకులు 1800, 2300 తరంగాలను బాగా మింగుతాయి, వానకు తడిసినప్పుడు ఇంకా ఎక్కువ. వేసవిలో చక్కగా నడిచిన లింకు శ్రావణంలో నీరసపడితే రౌటరు పాడైందనుకోకండి. అలాంటి ఇంటికి జియో సిమ్ అయితే బ్యాండ్ 5, ఎయిర్‌టెల్ అయితే బ్యాండ్ 8 ఉన్న రౌటరే కొనాలి.

ఒక గందరగోళం తరచూ ఎదురవుతుంది. జియోకు 700లో స్పెక్ట్రమ్ ఉంది గనక బ్యాండ్ 28 ఉన్న రౌటరు జియోకు మేలని కొందరు అమ్మకందారులు చెబుతారు. జియో ఆ 700ను 5జీకి వాడుతోంది. 4జీ రౌటరులోని బ్యాండ్ 28 ఇక్కడ బీఎస్‌ఎన్‌ఎల్‌కే పనికొస్తుంది.

మొదటి పని: డాబా ఎక్కి కొలవడం

ఆండ్రాయిడ్ ఫోనులో నెట్‌మాన్‌స్టర్ గానీ, నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో గానీ వేసుకోండి. రెండూ ఉచితంగా దొరుకుతాయి. శాంసంగ్ ఫోన్లలో *#0011# కొట్టినా వివరాలు వస్తాయి. ఐఫోనులో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కాలి.

కొలిచే ముందు ఫోను సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ను 4జీకి మార్చండి. ఈ అడుగు మరిచిపోతే మొత్తం శ్రమ వృథా. ఫోను 5జీ మీద ఉండి 200 ఎంబీపీఎస్ చూపిస్తే 4జీ రౌటరు కూడా అంత ఇస్తుందని ఆశపడతారు. ఆ రెండింటికీ సంబంధం లేదు.

తెర మీద ఇఏఆర్‌ఎఫ్‌సీఎన్ అని ఒక అంకె కనిపిస్తుంది. యాప్ బ్యాండు పేరు చెప్పకపోయినా ఈ అంకెను బట్టి మీరే తేల్చుకోవచ్చు:

0 నుంచి 599: బ్యాండ్ 1
1200 నుంచి 1949: బ్యాండ్ 3
2400 నుంచి 2649: బ్యాండ్ 5
3450 నుంచి 3799: బ్యాండ్ 8
9210 నుంచి 9659: బ్యాండ్ 28
38650 నుంచి 39649: బ్యాండ్ 40
39650 నుంచి 41589: బ్యాండ్ 41

ఇంకో మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే సిగ్నల్ బలం. ఇది మైనస్‌లో ఉంటుంది. మైనస్ 80 డీబీఎం కన్నా మెరుగైతే చాలా బాగున్నట్టు, మైనస్ 100 దగ్గర సర్దుకోవచ్చు, మైనస్ 110 దాటి దిగితే బయటి యాంటెన్నా లేకుండా లాభం లేదు. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే గోలలో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందన్న కొలత. 20 పైన అద్భుతం, 13 నుంచి 20 బాగు, 5 కిందకు వస్తే వేగం రాదు. వేగాన్ని నిర్ణయించడంలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ కన్నా దీనికే పట్టు ఎక్కువ. మూడోది టైమింగ్ అడ్వాన్స్, టీఏ అని చూపిస్తుంది. అన్ని ఫోన్లలో రాదు. వస్తే దాన్ని 78తో గుణించండి, టవరు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో సుమారుగా తెలుస్తుంది. టీఏ 20 అంటే దాదాపు ఒకటిన్నర కిలోమీటరు.

ఇంట్లో ఒకసారి, డాబా మీద నాలుగు మూలలా ఒకసారి చూడండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్టు చేయండి. పొద్దున 40 ఎంబీపీఎస్, రాత్రి 3 వస్తే లోపం సిగ్నల్‌ది కాదు, టవరు మీది రద్దీది. దానికి రౌటరు మార్చినా మందు లేదు, వేరే కంపెనీ సిమ్‌తో ఇదే పరీక్ష చేయాలి. ఇరుగుపొరుగు వాళ్ల ఫోన్లలోని జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లతో కొలిస్తే పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది. ఏ టవరు ఎక్కడుందో చూసుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది.

ఒడిశా సరిహద్దు ఊళ్లు

ఇచ్ఛాపురం, మందస, మెళియాపుట్టి, పాతపట్నం చుట్టుపక్కల ఇంకో చిక్కు ఉంది. అక్కడి ఫోన్లు తరచూ ఒడిశా వైపు టవరును పట్టుకుంటాయి. ఆంధ్రప్రదేశ్ ఒక టెలికాం సర్కిల్, ఒడిశా వేరొక సర్కిల్. ఫోను అయితే దానంతట అది సర్దుకుంటుంది. రౌటరులో మాత్రం డేటా రోమింగ్ చాలాసార్లు ఆపేసి ఉంటుంది. ఫలితంగా నిండా గీతలు కనిపిస్తాయి, ఇంటర్నెట్ రాదు. రౌటరు అడ్మిన్ పేజీలో రోమింగ్ ఆన్ చేస్తే అక్కడితో తీరిపోతుంది. ఆ తర్వాత ఏ టవరు వేగంగా ఉందో చూసి, నెట్‌వర్క్ ఎంపికను మాన్యువల్‌గా పెట్టి ఆ సర్కిల్‌నే ఎంచుకోవచ్చు.

రెండో పని: రౌటరు చీటీ చదవడం

పెట్టె మీద ‘అన్ని 4జీ సిమ్‌లకూ పనిచేస్తుంది’ అని రాసి ఉంటుంది. దాన్ని నమ్మి డబ్బు కట్టకండి. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి ఎఫ్‌డీడీ, టీడీడీ అన్న రెండు వరసలు చూడాలి (మొదటిదానిలో డౌన్‌లోడ్, అప్‌లోడ్‌లకు వేర్వేరు తరంగాలు, రెండోదానిలో రెండింటికీ ఒకటే). 1, 3, 5, 8, 28 ఎఫ్‌డీడీ వరసలో, 40, 41 టీడీడీ వరసలో ఉంటాయి. పేరు ఒకటే అయినా హార్డ్‌వేర్ వెర్షను మారితే బ్యాండులు మారతాయి. రౌటరు అడుగున అంటించిన చీటీ మీద వీ1, వీ3, వీ5 అని ఉండేది అదే. దుకాణదారుడిని ఆ చీటీ ఫొటో పంపమని అడగండి.

పెట్టె లోపల కూర్చునే మోడెమ్ మాడ్యూల్ ఏదో తెలిస్తే ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు. క్వెక్‌టెల్ కంపెనీ ఈసీ25 మాడ్యూల్‌నే తీసుకోండి, ఎన్నో చిన్న రౌటర్లలో ఉండేది ఇదే. పేరు చివర ఇంగ్లీషు E అక్షరం ఉన్న రకంలో 1, 3, 5, 7, 8, 20, 38, 40, 41 ఉంటాయి. జియోకూ ఎయిర్‌టెల్‌కూ పనిచేస్తుంది, కానీ బ్యాండ్ 28 లేదు గనక బీఎస్‌ఎన్‌ఎల్ 700 టవరు దానికి కనిపించదు. చివర ఇంగ్లీషు A అక్షరం ఉన్న రకం అమెరికాది. దానిలో 2, 4, 12 మాత్రమే ఉంటాయి. ఆ మాడ్యూల్ ఉన్న రౌటరు శ్రీకాకుళంలోనే కాదు, దేశంలో ఎక్కడా 4జీ పట్టదు. అమెరికాలో ఉంటున్న పిల్లలు పంపిన రౌటర్లు చాలావరకు ఇక్కడే బోల్తా పడతాయి. 2, 4, 12, 13, 17, 66, 71 అంకెలే కనిపిస్తే ఆ పెట్టెను పక్కన పెట్టేయడమే మంచిది. గల్ఫ్ నుంచి, యూరప్ నుంచి వచ్చినవి కొంత నయం. వాటిలో 1, 3, 8 సాధారణంగా ఉంటాయి, 5, 40 ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కొత్తగా కొనేవారికి మా సలహా సూటిగా: 1, 3, 5, 8, 28, 40, 41 ఏడూ ఉన్నది దొరికితే అదే కొనండి. రేపు సిమ్ మార్చినా రౌటరు మార్చనక్కర్లేదు.

తర్వాత చూడాల్సింది కేటగిరీ. క్యాట్ 4 అంటే ఒకసారికి ఒకే బ్యాండు, కాగితం మీద గరిష్ఠంగా 150 ఎంబీపీఎస్ దిగుమతి (డౌన్‌లోడ్), 50 ఎగుమతి (అప్‌లోడ్). 150 రావాలంటే టవరు 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఉండాలి. 10 వెడల్పుకు 75, 5 వెడల్పుకు 37 మించదు. నిజంగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. క్యాట్ 6 రౌటరు రెండు వాహకాలను (క్యారియర్లను) కలిపి 300 వరకు వెళుతుంది. అయితే బ్యాండ్ 3, బ్యాండ్ 40 రెండూ జాబితాలో ఉన్నంత మాత్రాన ఆ రెండింటినీ కలపగలదని అర్థం కాదు. ఏ జతలు కలుస్తాయో క్యారియర్ అగ్రిగేషన్ వరసలో విడిగా రాసి ఉంటుంది. మీ ఊరి టవరు మీద ఒకే బ్యాండు ఉంటే క్యాట్ 6కు పెట్టే అదనపు డబ్బు దండగ. ఆ డబ్బు పెట్టి మంచి యాంటెన్నా కొనుక్కోవచ్చు.

ఎగుమతి వేగం కావాల్సినవాళ్లు, అంటే సీసీ కెమెరాలు పెట్టేవారు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవారు, బ్యాండ్ 40ని గుడ్డిగా ఎంచుకోవద్దు. టీడీడీలో ఒకే తరంగాన్ని సమయం పంచుకుని రెండు వైపులా వాడతారు, ఎక్కువ వాటా దిగుమతికే ఇస్తారు. మంచి సిగ్నల్లోనూ ఎగుమతి 10 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే ఆగిపోతుంది. బ్యాండ్ 3 మీద దిగుమతి కొంత తగ్గినా ఎగుమతి మేలుగా ఉంటుంది.

లాకు, సిమ్, ప్లాను

కంపెనీలు తమ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్లు మామూలుగా ఆ కంపెనీ సిమ్‌కే లాకై ఉంటాయి. పాతవి సంతలో చవగ్గా దొరికాయని కొంటే వేరే సిమ్ పట్టవు. ఎయిర్‌ఫైబర్ (తీగ లేకుండా ఇచ్చే ఇంటి ఇంటర్నెట్) కనెక్షన్‌తో వచ్చే సిమ్ తీసి సొంత రౌటరులో వేద్దామన్నా మామూలుగా పనిచేయదు, ఆ సిమ్ ఆ పెట్టెకే కట్టి ఉంటుంది. దాన్ని దాటడానికి ఐఎంఈఐ (పరికరం గుర్తింపు సంఖ్య) మార్చి ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం అది నేరం. మీ ఊళ్లో 5జీ ఎయిర్‌ఫైబర్ ఇస్తున్నారంటే సొంత రౌటరు ఆలోచనకు ముందు ఆ ధర కనుక్కోండి.

పాత 2జీ, 3జీ కాలపు బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ అయితే ముందు కస్టమర్ సర్వీసు సెంటరులో 4జీ సిమ్‌గా మార్పించుకోవాలి. సిమ్‌కు పిన్ లాకు ఉంటే ఫోనులో వేసి తీసేయండి. రౌటరులో మైక్రో సిమ్ గాడి ఉండి మీది నానో సిమ్ అయితే అడాప్టరు వాడాలి. ఖాళీ అడాప్టరును మాత్రం లోపలికి తోయకండి, గాడిలోని పిన్నులు దానికి చిక్కుకుని విరుగుతాయి.

ప్లాను సంగతి ముందే తేల్చుకోండి. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాను ఇంటికి చాలదు. 5 ఎంబీపీఎస్ వీడియో గంట నడిస్తే దాదాపు 2.25 జీబీ ఖర్చవుతుంది. అన్‌లిమిటెడ్ 5జీ ప్లాను అని మురిసిపోయినా, 4జీ రౌటరులో వాడింది రోజువారీ కోటాలోంచే పోతుంది. కోటా అయ్యాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ‘సాయంత్రం అయ్యేసరికి నెట్ ఆగిపోతోంది’ అన్న ఫిర్యాదులో ముందు అనుమానించాల్సింది దీన్నే.

మూడో పని: అమరిక

సిమ్ వేసి, రౌటరును ఆన్ చేసి, బ్రౌజరులో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ తెరవండి. ఏపీఎన్ (కంపెనీ ఇంటర్నెట్‌కు దారి చూపే పేరు) గడిలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీ వదలకుండా, జియోకు జియోనెట్ (jionet), ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ (airtelgprs.com), బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ (bsnlnet) అని ఉండాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. ఐపీ రకం దగ్గర ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కలిపిన ఎంపిక పెట్టండి. జియో నెట్‌వర్కు ఐపీవీ6 మీద ఎక్కువగా ఆధారపడుతుంది, ఐపీవీ4 ఒక్కటే పెడితే కొన్ని రౌటర్లలో కనెక్షన్ తెగుతూ అతుకుతూ ఉంటుంది. నెట్‌వర్క్ మోడ్‌ను 4జీ ఒక్కటే అని పెట్టండి. ఆటోలో వదిలితే సిగ్నల్ తగ్గినప్పుడు కొన్ని సిమ్‌ల మీద రౌటరు 2జీకి జారిపోయి అక్కడే కూర్చుంటుంది.

వెనక ల్యాండ్‌ఫోను సాకెట్ ఉన్న రౌటరు కొని జియో సిమ్‌తో మాట్లాడాలనుకుంటే దానికి వోల్టీ (VoLTE) సదుపాయం తప్పనిసరి. జియోకు 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదే పోవాలి. వోల్టీ లేకపోతే ఇంటర్నెట్ వస్తుంది, ఫోను మోగదు.

బ్యాండ్ లాకు సదుపాయం ఉంటే ఒక్కో బ్యాండుకు విడిగా లాకు చేసి, స్పీడ్ టెస్టు చేసి, రాసుకోండి. రౌటరు తనంతట తాను ఎంచుకున్నది ఎప్పుడూ వేగమైనదే కానక్కర్లేదు. మేలైన బ్యాండు తేలాక దానితోపాటు ఇంకొకదాన్ని కూడా అనుమతించి ఉంచండి. ఒక్కదానికే కట్టేస్తే, ఆ టవరు ఆగిన రోజు పక్క ఊరి టవరు అందుతున్నా రౌటరు దాన్ని పట్టదు.

నాలుగో పని: యాంటెన్నా, కేబుల్

డాబా మీద ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 95, ఇంట్లో మైనస్ 115 వస్తుంటే బయటి యాంటెన్నా ఫలితమిస్తుంది. డాబా మీద కూడా మైనస్ 118 అయితే ఎత్తైన పైపు వేసి చూడాలి.

4జీ రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపుతుంది గనక రెండు యాంటెన్నాలు కావాలి. ఒకే పలకలో రెండూ ఉండే క్రాస్ పోలరైజ్డ్ ప్యానెల్ తీసుకోవచ్చు. లేదంటే రెండు లాగ్ పీరియాడిక్ యాంటెన్నాలు తీసుకుని, ఒకటి కుడివైపు 45 డిగ్రీలు, ఇంకొకటి ఎడమవైపు 45 డిగ్రీలు వాల్చి, రెండింటినీ ఒకే టవరు వైపు బిగించండి. ఒకటే పెడితే సగం వేగం వదులుకున్నట్టే. యాంటెన్నా పరిధి కూడా చూడాలి. 1700 నుంచి 2700 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నది బ్యాండ్ 5, 8, 28లకు పనికిరాదు. 698 నుంచి 2700 ఉన్నది అడగండి.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది కేబుల్ దగ్గర. యాంటెన్నాతో ఉచితంగా వచ్చే సన్నటి ఆర్‌జీ58 తీగ 2300 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తినేస్తుంది. పది మీటర్లకు పది డెసిబెల్స్ పోతే, 9 డీబీఐ యాంటెన్నా ఇచ్చిన లాభమంతా తీగలోనే కరిగిపోయినట్టు. ఎల్‌ఎంఆర్400 రకంలో మీటరుకు పావు డెసిబెల్ లోపే పోతుంది, కానీ అది లావు, ధర ఎక్కువ. డిష్ టీవీ తీగ వాడకండి, అది 75 ఓమ్‌లది, దీనికి కావాల్సింది 50. రౌటరు వెనక 4జీ సాకెట్లు మామూలుగా ఎస్‌ఎంఏ, వైఫై సాకెట్లు ఆర్‌పీ ఎస్‌ఎంఏ. పైకి ఒకేలా కనిపిస్తాయి, మధ్యలో పిన్ను ఉందా రంధ్రం ఉందా చూసి కొనాలి. పొరపాటు రకం బిగిస్తే మర చక్కగా తిరుగుతుంది, పిన్ను మాత్రం తగలదు.

యాంటెన్నాకూ రౌటరుకూ మధ్య దూరం ఐదారు మీటర్లు దాటితే మేలైన పద్ధతి వేరే ఉంది. యాంటెన్నా, మోడెమ్ కలిసి ఉన్న అవుట్‌డోర్ రౌటరునే పైపుకు బిగించి, కిందికి బయటి రకం క్యాట్6 ఈథర్‌నెట్ తీగ లాగండి. ఆ తీగలోనే కరెంటు కూడా వెళుతుంది, వంద మీటర్ల వరకు నష్టం లేదు. ఇంట్లో మామూలు వైఫై రౌటరు సరిపోతుంది.

గురి పెట్టేటప్పుడు ఒకరు పైన, ఒకరు కింద అడ్మిన్ పేజీ దగ్గర ఉండాలి. 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ ప్రతిచోటా నిమిషం ఆగి ఎస్‌ఐఎన్‌ఆర్ చదవండి. రౌటరు కొత్త కొలత చూపడానికి ఆ వ్యవధి కావాలి. సిగ్నల్ బలంగా ఉండి ఎస్‌ఐఎన్‌ఆర్ తక్కువున్న దిక్కు కన్నా, బలం కొంచెం తగ్గినా ఎస్‌ఐఎన్‌ఆర్ ఎక్కువున్న దిక్కే మంచిది.

మొబైల్ సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం, పైగా ఊరందరి టవరునూ పాడుచేస్తాయి. కరెంటు లేని మామూలు యాంటెన్నాకు ఈ ఇబ్బంది లేదు.

కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. బిగించాక సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనకు తానే అతుక్కుపోయే) రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టండి. తీగ ఇంట్లోకి వచ్చే చోట కిందికి వేలాడే వంపు వదిలితే వాననీరు సాకెట్‌లోకి జారదు. పైపుకు ఎర్తింగు ఇవ్వాలి, ఉరుముల వేళ తీగ ఊడదీయాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఎంత గాలి తెచ్చాయో ఈ జిల్లాలకు తెలుసు. తుపాను హెచ్చరిక రాగానే యాంటెన్నాను దించేయడానికి వీలుగా రెండు యూ క్లాంపులతోనే బిగించండి, సిమెంటు పోయకండి. కరెంటు పోయినా నెట్ నిలవాలంటే రౌటరు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి తగ్గ మినీ యూపీఎస్ పెట్టండి. 12 వోల్టుల రౌటరుకు 9 వోల్టుల సాకెట్ తగిలిస్తే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది.

అన్నీ సరిపోయాక కూడా మిగిలే ఒక చిక్కు

పలాస జీడి గోదాములకో, రొయ్యల చెరువుకో సీసీ కెమెరాలు పెట్టి ఫోనులో చూడాలనుకునేవారు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును ఇంట్లోని పరికరానికి చేర్చే అమరిక) కోసం గంటలు పోగొట్టుకుంటారు. మొబైల్ నెట్‌వర్కులో ఒకే పబ్లిక్ ఐపీవీ4 చిరునామాను ఎంతోమంది పంచుకుంటారు, బయటి నుంచి వచ్చే పిలుపు మీ రౌటరు దాకా రాదు. రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా అంతే. డీవీఆర్‌లో (కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టెలో) పీ2పీ క్లౌడ్ ఎంపిక ఆన్ చేసి, దాని క్యూఆర్ కోడ్‌ను ఫోనులో స్కాన్ చేయడం తేలికైన దారి. సొంతంగా నడుపుకోగలిగినవారు పబ్లిక్ చిరునామా ఉన్న అద్దె సర్వరుకు రౌటరు నుంచి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం వేసుకోవచ్చు. కెమెరా సబ్‌స్ట్రీమ్‌ను (తక్కువ నాణ్యత వీడియోను) 512 కేబీపీఎస్‌కు తగ్గిస్తే, ఫోనులో రోజంతా చూస్తున్నా ఒక్కో కెమెరాకు గంటకు 230 ఎంబీ చుట్టూ మాత్రమే ఖర్చవుతుంది.